హైటెక్ సిటీలో మా పెద్దాయన ఆరె

గడచిన మే నెలలో మేము దంపతులము పది రోజులు హైదరాబాదులో గడిపి వచ్చాము. మా అబ్బాయి అక్కడ హైటెక్ సిటీ ప్రాంతంలో కంప్యూటరు ఉద్యోగం చేస్తున్నాడు. చార్మినారు, గోలకొండ, సాలార్‌జంగ్ మ్యూజియం మన సంఘాలలో చాలామంది చూచినవే గనుక వాటి సంగతి వ్రాయము. ఈసారి మమ్మల్ని ఆ పట్టణమంతా తిప్పినది ఒక తోలు నడికట్టు. దాని గురించే ఈ నాలుగు మాటలు.

మావాడి ఆఫీసులో స్కాట్లాండు దేశపు యువకుడొకడు రెండేళ్ళు పనిచేసి తిరిగి వెళ్ళాడు. ఇద్దరికీ మంచి స్నేహం. అతని వివాహం జూన్ నెలలో, ఆ దేశపు ఉత్తరభాగాన ఇన్వర్నెస్ అనే పట్టణంలో జరగవలసి ఉంది. పెండ్లికుమారుని ప్రక్కన నిలబడే నలుగురు స్నేహితులలో మావాడు ఒకడు. ఆ నలుగురూ అక్కడి కొండప్రాంతపు దుస్తులే వేసుకోవాలట. అంటే కిల్టు. పటాలపు బ్యాండు బొమ్మలలో మనం చూస్తుంటాము గదా, మోకాళ్ళ వరకు గళ్ళ ఉన్నిబట్ట కుచ్చిళ్ళు పోసి కడతారు, అదే. అవన్నీ అక్కడ అద్దెకు దొరుకుతాయి. కాని నడికట్టు మాత్రం ఇక్కడే చేయించుకొని తీసుకువెళ్తానని మావాడు పట్టుబట్టాడు. ఏప్రిల్‌లో ఒక రాత్రి ఫోను చేసి, "నాన్నా, తాతయ్య పనిముట్లు మనింట్లో ఇంకా ఉన్నాయా?" అని అడిగాడు.

మేము వెంటనే జవాబు చెప్పలేదు.

మా పెద్దాయన, అంటే మాలో ఒకరికి తండ్రి, మరొకరికి మామగారు, ఊళ్ళో చెప్పులు కుట్టేవారు. కిర్రు చెప్పులు, ఎద్దుల మెడలకు పట్టెడలు, చెర్నాకోలలు, కాడికి వార్లు, మోటబావికి తోలు తొండాలు, అన్నీ ఆయన చేతిమీదుగానే రైతుల ఇండ్లకు వెళ్ళేవి. ఏటికొకసారి కళ్ళం దగ్గర కొలిచిన గింజలే ఆయనకు కూలి. మిషను హాస్టలులో చదివి మేము ఉపాధ్యాయులమయ్యాము. ఆయన ప్రభువునందు నిద్రించి ఇరవై ఏళ్ళు దాటింది. పిల్లలు చిన్నప్పుడు, బడిలో మీ తాత ఏమి చేసేవారని ఎవరైనా అడిగితే వ్యవసాయమని చెప్పండి అని నేర్పినది మేమే. ఆదివారపు బడిలో అబద్ధమాడరాదని పాఠం చెప్పినదీ మేమే.

మావాడు మాత్రం ఆరేళ్ళ వయసులో తాత ప్రక్కన కూర్చుని ఆరెతో తోలు పొడవడం చూచాడు. చిన్నపిల్లలకు ఏమి గుర్తుంటుందిలే అని మనం అనుకుంటాము.

అటకమీద గోనెపట్టాలో చుట్టి ఉన్నవాటిని దింపాము. గూటం చెదలు తిని పొడి అయిపోయింది. రంపె, ఆరె మిగిలాయి. ఇనుము తుప్పు పట్టింది గాని, ఆరె పిడి ఆయన అరచేతి ఒరిపిడికి అరిగి ఇంకా నున్నగానే ఉంది. బూడిదతో తోమి, నూనె రాసి, పాతగుడ్డలో చుట్టి సంచిలో వేసుకున్నాము.

సికింద్రాబాదులో రైలు దిగేసరికి అబ్బాయి కారు తీసుకొని వచ్చాడు. ట్రాఫిక్కు గురించి చెప్పనక్కరలేదు. మాదాపూరు చేరేసరికి ఎండ నెత్తికెక్కింది. 1998 నవంబరు 22న అప్పటి ప్రధానమంత్రి వాజపేయిగారు ప్రారంభించిన సైబర్ టవర్స్ అనే గుండ్రని పదంతస్తుల మేడతో ఈ కొత్త పట్టణం మొదలైంది. ఆ రోజులలో ఏ పత్రిక తిప్పినా దాని బొమ్మే. మా బడి గోడకు కూడా ఒకటి అతికించాము. ఇప్పుడు చుట్టూ లేచిన అద్దాల మేడల నడుమ అది పొట్టిగా కనబడింది. కొండలు, బండరాళ్ళతో నిండిన ఈ నేలమీద ఇంకా అక్కడక్కడ ఒక బండ మేడల సందున మిగిలి ఉంటే, దాన్ని చూచినప్పుడే మాకు ఊళ్ళో ఉన్నట్టు అనిపించింది. గోలకొండ కోటకు ఒకప్పుడు నీళ్ళిచ్చిన దుర్గంచెరువు కూడా ఇక్కడే. దానిమీద 2020 సెప్టెంబరులో తెరచిన తీగల వంతెన రాత్రివేళ రంగురంగుల దీపాలతో వెలుగుతుంది. జనం ఆగి ఫోటోలు తీసుకుంటారు. మేమూ తీసుకున్నాము.

ఆ రాత్రి భోజనాల దగ్గర అబ్బాయి కిల్టు సంగతులు వివరించాడు. మంచి కిల్టుకు దాదాపు ఎనిమిది గజాల బట్ట పడుతుందట. "ఎనిమిది గజాలా! అది మా అమ్మమ్మ చీర గదరా" అని వాళ్ళమ్మ నవ్వింది. ముందు భాగం సమంగా, కుచ్చిళ్ళన్నీ వెనుకకు. నడుము దగ్గర రెండు మూడు చిన్న తోలు వార్లు, బకిల్సు ఉండి అవే బట్టను పట్టి ఉంచుతాయి. కాబట్టి పైన పెట్టుకునే వెడల్పాటి నడికట్టు బట్ట జారకుండా కాదు, అందానికి, హోదాకు. కిల్టుకు జేబులుండవు గనుక ముందు వైపు ఒక తోలుసంచి వ్రేలాడదీస్తారు. దానిపేరు స్పోరన్. పగటి వేడుకకు సాదా తోలుది, రాత్రి విందుకు బొచ్చుతో, వెండి పట్టీతో చేసినది. పాదాలకు గిల్లీ బ్రోగ్స్ అనే జోళ్ళు. వాటికి నాలుక ఉండదు, పొడవాటి త్రాళ్ళు చీలమండలపైకి చుట్టి కడతారు. మేజోడులో ఒక చిన్నకత్తి, దానికి తోలు ఒర. కత్తి సంగతి అక్కడే చూచుకుంటానన్నాడు, విమానంలో చేతిసంచిలో పెట్టనివ్వరు గనుక.

ఇక ఈ తోళ్ళన్నీ ఒకదానితో ఒకటి పొసగాలి. నడికట్టు, స్పోరన్ వారు, జోళ్ళు ఒకే వర్ణంలో ఉండాలి. ముతక ఉన్ని కోటుతో పగటిపూట వేసుకుంటే గోధుమరంగు తోలు చక్కగా ఉంటుంది. రాత్రివేళ నల్లకోటు, వెండి గుండీలు వేసుకుంటే నల్లతోలే. బకిల్సు, స్పోరన్ గొలుసు, కోటు గుండీలు ఒకే లోహపు మెరుపుతో ఉండాలి. లోపల చేతులులేని కోటు తొడిగితే నడికట్టు పెట్టరు, రెండూ కలిస్తే నడుము దగ్గర ఉబ్బెత్తుగా ఉంటుంది. ఈ వివాహం పగటిపూట గనుక చేతులులేని కోటు వద్దు, నడికట్టు పెట్టండి, తోలు గోధుమరంగు, అని పెండ్లికుమారుడు తీర్మానించాడట.

వింటూ ఉంటే మాకు బాప్తిస్మమిచ్చు యోహాను జ్ఞాపకం వచ్చాడు. ఒంటె రోమముల వస్త్రం, నడుమున తోలుదట్టి. ముతక ఉన్నికి తోలు పొసగుతుందని అరణ్యంలో ఆయనకు ఎవరూ చెప్పనక్కరలేకపోయింది.

ఆ స్నేహితుడు పంపిన వీడియో ఒకటి కూడా చూపించాడు. కిల్టు కట్టిన పెద్దమనిషి చంకలో సంచి ఇరికించుకొని బ్యాగ్‌పైపు ఊదుతున్నాడు. అది మన తిత్తే! తోలుబొమ్మలాటలలో, వీధి నాటకాలలో శ్రుతికోసం మేకతోలు తిత్తి ఊదేవారిని చిన్నప్పుడు ఎంతమందిని చూచామో. ఆ దేశంలో కూడా పూర్వం ఆ సంచి జంతుచర్మంతోనే చేసేవారు. మరునాడు శిల్పారామంలో అనంతపురం వైపు తోలుబొమ్మల పనివారి దీపపు గుడ్డులు చూచినప్పుడు మళ్ళీ ఇదే మాట అనుకున్నాము. అటువైపు నిమ్మలకుంట గ్రామపు దళవాయి చలపతిరావుగారికి ఈ బొమ్మల కళకు 2020లో పద్మశ్రీ ఇచ్చారు.

శనివారం అబ్బాయి ఆఫీసు చూడబోయాము. అక్కడినుండి రాయదుర్గంలో ఒక అమ్మాయిని కలవాలి గనుక పనిముట్ల సంచి మా దగ్గరే ఉంది. గేటు దగ్గర సంచులను ఒక యంత్రంలో పెట్టి పరీక్షిస్తారు. మా సంచి పోగానే యంత్రం ఆగింది. సెక్యూరిటీ ఆయన గుడ్డ విప్పి, "ఏమిటండీ ఇవి?" అన్నాడు. వెనుక ఇరవై ముప్పై మంది యువతీయువకులు మెడలో కార్డులు వేసుకొని నిలబడియున్నారు. మా అబ్బాయితో పనిచేసేవారు కూడా వారిలో ఉన్నారు.

"తోలు పనిముట్లండి, మా నాన్నగారివి" అని ఒకరం, "మా మామగారివి, ఆయన చెప్పులు కుట్టేవారు" అని ఒకరం ఒకేసారి అన్నాము.

ఆయన రిజిస్టరులో "తోలు కత్తి 1, సూది 1" అని వ్రాసుకొని, ఒక టోకెను మా చేతిలో పెట్టి, "వెళ్ళేటప్పుడు తీసుకోండి" అని తరువాతి మనిషిని పిలిచాడు. అంతే. నలభై ఏళ్ళుగా గొంతులో దాచుకున్న మాటకు జరిగినది ఇంతే. మావాడు లిఫ్టులో మాతో ఏమీ అనలేదు గాని, సంచి లేని మా చేతిని పట్టుకొని నిలబడ్డాడు.

హైటెక్ సిటీ స్టేషను నుండి మెట్రోలో తరువాతి స్టేషనే రాయదుర్గం, అదే చివరిది. మెట్రో ఈ చివరి స్టేషను వరకు వచ్చినది 2019 నవంబరులో. మేము పనిముట్లతో ఉన్నాము గనుక ఆటోలోనే వెళ్ళాము. హుస్సేన్‌షావలీ దర్గా ప్రాంతంలో, లిడ్‌క్యాప్ అనే తోలు పరిశ్రమల సంస్థ ఆవరణలో, ఎఫ్‌డిడిఐ హైదరాబాదు శాఖ ఉంది. పాదరక్షలు, తోలు వస్తువుల రూపకల్పన నేర్పే కేంద్రప్రభుత్వ విద్యాలయమిది. 1986లో నోయిడాలో మొదలైంది. 2017లో పార్లమెంటు చేసిన చట్టంవలన జాతీయ ప్రాముఖ్యతగల సంస్థ అయింది. కోట్లు పలికే నేలమీద, సాఫ్ట్‌వేరు మేడల ప్రక్కన, చెప్పు కుట్టడానికి, తోలుసంచి చేయడానికి నాలుగేళ్ళ డిగ్రీ! మేము గేటు బయట చాలాసేపు ఆ బోర్డు చదువుతూ నిలబడ్డాము. మా పెద్దాయనకు డిగ్రీ ఎన్ని జన్మలకు సరిపడా ఉండేదో.

మాకు తెలిసిన ఒక సంఘకాపరి కుమార్తె అక్కడ తోలు వస్తువుల రూపకల్పన చదువుతోంది. చురుకైన పిల్ల. "అంకుల్, ఆంటీ" అంటూ ఎదురువచ్చి, మొదట ఆరె చేతిలోకి తీసుకొని పిడి అరుగుదలను తడిమి చూచింది. తరువాతనే మాకు టీ తెప్పించింది.

మా అబ్బాయికి ఇంకొక కోరిక ఉంది. తనకొక నల్ల తోలుజాకెట్టు ఉంది. పెండ్లి మరునాటి తిరుగుళ్ళలో కిల్టుమీద అది వేసుకోవచ్చునా? ఈ కాలపు స్కాట్లాండు యువకులు అలా వేస్తున్నారట. ఆ పిల్ల వాణ్ణి నిలబెట్టి చూచి, వద్దన్నది. కారణం కూడా చెప్పింది. కిల్టును ప్యాంటులాగా తుంటిమీద కాదు, బొడ్డు ఎత్తున కడతారు. అందుచేత దానిమీది కోట్లను పొట్టిగా కత్తిరిస్తారు. మామూలు జాకెట్టు తుంటిదాకా దిగి నడికట్టును మూసి, స్పోరన్ మీద పడి, మనిషిని సగానికి పొట్టిచేస్తుంది. నడుము దగ్గరే ఆగే జాకెట్టు అయితే ఫరవాలేదు, కాని అప్పుడు జాకెట్టు నలుపు, నడికట్టు గోధుమరంగు అయితే పొసగదు. తోలుమీద తోలు ఎక్కువైతే బట్ట గళ్ళు కనబడవు. బొచ్చు స్పోరన్ తీసి సాదాది పెట్టుకోవాలి, పలుచని జోళ్ళకు బదులు బూట్లు వేసుకోవాలి. "వేడుక వేసుకున్నవాడిది కాదన్నయ్యా, పిలిచినవాళ్ళది. పెండ్లి రోజున వాళ్ళు చెప్పినట్టే వేసుకో" అన్నది. మావాడు జాకెట్టు మాట మళ్ళీ ఎత్తలేదు.

నడికట్టుకు కావలసిన తోలు ఆమే ఎంచి పెట్టింది. కిల్టు నడికట్టు రెండుంబావు అంగుళాల వెడల్పు. అంత వెడల్పుది సాగకుండా ఉండాలంటే వెన్ను ప్రక్క తోలే కావాలి, పొట్టభాగం సాగిపోతుంది. ఇది వినగానే మేము ఒకరినొకరు చూచుకున్నాము. ఎద్దు పట్టెడకు వెన్ను తోలు, చెప్పు పట్టీకి మెత్తనిది, అని మా పెద్దాయన గొణుగుతూ కత్తిరించే మాట అదే. ఈ తోలును చెట్టు బెరడు రసంతో పదునుచేశారు, కాలం గడిచేకొద్దీ రంగు ముదురుతుంది గనుక ఇప్పుడు కొంచెం లేతగానే ఉంచాలి, అన్నది ఆ పిల్ల. మా ఊళ్ళో లందలో వేసేది తంగేడు బెరడు. తెలంగాణ రాష్ట్రపుష్పం తంగేడు పువ్వేనని అందరికీ తెలుసు. ఆ చెట్టు బెరడు లందలో నాని నాని ఊరందరి పాదాలను ముళ్ళనుండి కాపాడిందని ఎవరూ అనరు. లంద వాసన మాత్రం అందరికీ గుర్తు.

తిరిగివచ్చేటప్పుడు వంతెనమీద కారు ఆగిపోయింది, ముందు ఏదో గొడవ. అప్పుడు అబ్బాయి ఒక సంగతి చెప్పాడు. 1746లో, స్కాట్లాండు కొండవాసులు రాజుమీద తిరుగుబాటు చేసి కలోడెన్ యుద్ధంలో ఓడిపోయిన తరువాత, వారి దుస్తులను నిషేధిస్తూ లండను పార్లమెంటు చట్టం చేసింది. సైనికులు తప్ప, పెద్దవారైనా బాలురైనా కిల్టు కట్టకూడదు. మొదటిసారి పట్టుబడితే ఆరు నెలల చెర, రెండవసారికి ఏడేళ్ళు సముద్రం అవతలికి పంపివేయడం. 1782లో గాని ఆ చట్టాన్ని రద్దుచేయలేదు. అంటే ముప్పైఆరేళ్ళు. ఆ కలోడెన్ మైదానం ఇన్వర్నెస్‌కు దగ్గరే. "అందుకే వాళ్ళకు ఆ బట్టలంటే అంత ప్రాణం" అన్నాడు.

మాకు అప్పటిదాకా వాడికి చెప్పని మాట నోటికి వచ్చింది. తాతయ్య ఊరంతటికీ చెప్పులు కుట్టాడు గాని, పెద్దవీధిలో నడిచేటప్పుడు తన చెప్పులు విడిచి చేతపట్టుకొని నడిచేవాడు. చట్టం అని ఎక్కడా వ్రాసిలేదు. వ్రాసిలేదు గనుక రద్దుచేసేవారూ లేరు. మేము చిన్నతనంలో ఆయన వెనుక అలాగే నడిచాము. రోడ్డు మండుతుంటే నీడ నుండి నీడకు గెంతేవాళ్ళము, అది ఆట అనుకొనేవాళ్ళము.

కారులో చాలాసేపు ఎవరమూ మాట్లాడలేదు. వెనుక బండ్లవాళ్ళు హారన్లు కొట్టారు.

మన తెలుగు సంఘాల చరిత్ర తెలిసినవారికి ఒక మాట గుర్తుచేయాలి. ఒంగోలు ప్రాంతంలో 1866లో బాప్తిస్మం పొందిన యెర్రగుంట్ల పేరయ్యగారు మాదిగ కులంలో పుట్టినవారు. ఆయన వంటివారు ఊరూరా తిరిగి చెప్పబట్టి, 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2222 మంది బాప్తిస్మం పొందారు. క్లౌ దొరగారి భార్య ఎమ్మాగారు ఆ ప్రజల కథలతో 1899లో ప్రచురించిన ఇంగ్లీషు పుస్తకానికి చెప్పులు కుడుతూ ఉండగా అనే అర్థం వచ్చే పేరు పెట్టారు. అపొస్తలుడైన పేతురు యొప్పేలో చాలా దినములు బసచేసినది చర్మకారుడైన సీమోను ఇంట్లో. ఈ సంగతులు మేము ఆదివారపు బడిలో ఎన్నోసార్లు చెప్పాము. అయినా అటకమీది గోనెపట్టా దించలేదు.

ఆదివారం ఆరాధన తరువాత ఆ పిల్ల తోలుపట్టీతో అబ్బాయి ఫ్లాటుకు వచ్చింది. అంచులు నునుపుచేసి, బకిల్ కూడా తెచ్చింది. రంధ్రాలు మాత్రం ఆరెతో మీరే వేయండి అంకుల్ అన్నది. ఆమె దగ్గర గుండ్రంగా కత్తిరించే పంచి ఉంది, అదే సరియైనదని ఆమెకూ తెలుసు, మాకూ తెలుసు. ఒక రంధ్రమైనా ఆరెతో అని మావాడి పట్టు. కాబట్టి మొదట ఆరెతో పొడిచి, తరువాత పంచితో సరిచేద్దామని ఒప్పందం కుదిరింది.

వంటింటి పలకమీద పట్టీ పరచి, ఆరె చేతికి తీసుకున్నాము. చేయి వణికింది. పొడిచినది కొంచెం ప్రక్కకు పోయింది. "అయ్యో" అన్నాము. ఆ పిల్ల కొలబద్ద పెట్టి చూచి, గింజంత దూరం అన్నది. మావాడు దాన్ని అలాగే ఉంచమన్నాడు. మిగిలినవి వాళ్ళిద్దరే పంచితో తిన్నగా వేశారు. చివరికి రాయడానికి ఏదో ఇంగ్లీషు మైనం డబ్బా తీయబోతుంటే, వాళ్ళమ్మ ఊరినుండి తెచ్చిన ఆముదం సీసా బయటికి తీసింది. మా పెద్దాయన కిర్రు చెప్పులకు రాసేది అదే. ఒక చుక్క గుడ్డకు అద్ది పట్టీ వెనుకవైపు రుద్దింది. ఆ ఫ్లాటులో ఏసీ గదినిండా ఆముదం వాసన.

జూన్‌లో పెండ్లిఫోటో ఫోనులో వచ్చింది. నలుగురు యువకులు రాతిగుడి ముందు వరుసగా నిలబడ్డారు. ముగ్గురూ తెల్లగా ఉన్నారు, మావాడొక్కడే మన చాయ. ఎర్రగళ్ళ కిల్టు, బూడిదరంగు ఉన్ని కోటు, గోధుమరంగు స్పోరన్. మావాడు కోటు గుండీలు పెట్టుకోలేదు, నడికట్టు అంతా కనబడుతోంది. రంగు అప్పుడే కొంచెం ముదిరినట్టుంది. బకిల్ పడినది ఆ ప్రక్కకుపోయిన రంధ్రంలోనేనని ఫోటో పెద్దదిచేసి చూచాము. వాళ్ళమ్మ ఆ రాత్రే ఫోను చేసి, మోకాళ్ళకు చలి వేయలేదా అని అడిగింది.